ప్లీహంలోకి నరాలు ఎందుకు వెళ్తాయి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో నర్సింగ్ చదువుతున్నాను. రోగనిరోధక కణాలు రక్తంలోనూ లింఫ్‌లోనూ తిరుగుతూ, సూక్ష్మజీవులను వాటంతట అవే గుర్తించి ఎదుర్కొంటాయని మా పాఠంలో ఉంది. కడుపులో ఎడమవైపు ఉండి రక్తాన్ని వడకట్టే ప్లీహంలోకీ, లింఫ్ గ్రంథుల్లోకీ నరాలు కూడా వెళ్తాయని ఈ మధ్య ఒక ఉపన్యాసంలో విన్నాను. రక్తనాళాలు ముడుచుకోవడానికి తప్ప అక్కడ నరాలకు వేరే పని ఏముంటుంది?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

సమాధానం: చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా మీరు అన్నట్టే అనుకున్నారు. ప్లీహానికి నరం వెళ్తుందని ఎప్పటి నుంచో తెలిసినా, దాని పని రక్తనాళాల గోడలను బిగించడం వరకేనని భావించేవారు. ఆ భావనను మొదట కదిలించినది 1975లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ ప్రచురించిన ప్రయోగం. వారు ఎలుకలకు సాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, వెంటనే రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చారు. ఆ తర్వాత మందు లేకుండా తీపి నీళ్లు మాత్రమే ఇచ్చినా ఆ ఎలుకల్లో ప్రతిరక్షకాల (సూక్ష్మజీవులను పట్టుకునే ప్రోటీన్ల) ఉత్పత్తి తగ్గింది. రుచిని గుర్తుంచుకునేది మెదడు కాబట్టి, మెదడు నుంచి లింఫోసైట్లనే రోగనిరోధక కణాల దాకా ఏదో ఒక దారి ఉండి తీరాలి.

ఆ దారుల్లో ఒకటి 1980ల తొలి సంవత్సరాల్లో కంటికి కనిపించింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఫెల్టెన్, ఆయన సహచరులు నరాలు సందేశాలకు వాడే నార్ అడ్రినలిన్ అనే రసాయనం ఉన్న నరపు తంతువులను సూక్ష్మదర్శిని కింద మెరిసేలా చేసే పద్ధతిని అనుసరించి ప్లీహాన్నీ, ఛాతీలో ఉండే రోగనిరోధక గ్రంథి థైమస్‌నూ, లింఫ్ గ్రంథులనూ పరిశీలించారు. ధమని వెంట లోపలికి వచ్చిన తంతువులు అక్కడితో ఆగక, రక్తనాళాన్ని విడిచి టి-కణాలు (ఒక రకం లింఫోసైట్లు) గుమిగూడిన ప్రాంతంలోకి పాకడం వారికి కనిపించింది. 1987లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు, నరపు కొనకూ లింఫోసైట్‌కూ మధ్య ఎడం సుమారు 6 నానోమీటర్లు మాత్రమే ఉన్న చోట్లు దొరికాయి. మెదడులో రెండు నాడీకణాల మధ్య ఉండే ఎడం సుమారు 20 నానోమీటర్లని గుర్తుచేసుకుంటే, ఇది ఎంత దగ్గరి సంబంధమో మీకు అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ రంగానికి అసలైన పునాది ఈ శరీర నిర్మాణ పరిశీలనే. ఎందుకంటే దీని తర్వాత ‘మనసుకూ రోగనిరోధక శక్తికీ సంబంధం’ అన్న మాట ఊహగా కాక, వేలుపెట్టి చూపగలిగిన నిర్మాణంగా మారింది.

ఈ నరాలు ఎక్కువగా, ప్రమాద సమయంలో గుండె వేగాన్ని పెంచే సహానుభూత (సింపథెటిక్) నాడీ వ్యవస్థకు చెందినవి. వాటి కొనల నుంచి నార్ అడ్రినలిన్ వెలువడుతుంది. లింఫోసైట్ల ఉపరితలం మీద దానిని అందుకొనే బీటా-2 గ్రాహకాలు ఉంటాయి. (ఉబ్బసం రోగులు పీల్చే సాల్బుటమాల్ పనిచేసేదీ ఈ రకపు గ్రాహకాల మీదనే, ఇది చదివి ఎవరూ తమ పంపు మానేయకూడదు.) జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కజుహిరో సుజుకి బృందం 2014లో ఎలుకల్లో చూపినదాని ప్రకారం, ఈ గ్రాహకాలు ఉత్తేజితమైనప్పుడు లింఫోసైట్లు లింఫ్ గ్రంథిని విడిచి బయటకు పోకుండా అక్కడే నిలిచిపోతాయి. సహానుభూత నరాల చురుకుదనం రోజులో ఒక వేళ పెరిగి మరొక వేళ తగ్గుతుంది కాబట్టి, గ్రంథిలో ఉండే లింఫోసైట్ల సంఖ్య కూడా దానితోపాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నరాలు చురుకుగా ఉండి, గ్రంథి నిండుగా ఉన్న వేళ టీకా వేసిన ఎలుకల్లో ప్రతిరక్షకాలు ఎక్కువగా తయారయ్యాయని అదే బృందం 2016లో చూపింది. ఎముక మజ్జలోనూ ఇలాంటిదే జరుగుతుంది: రక్తకణాలకు మూలమైన కణాలు మజ్జ నుంచి రక్తంలోకి ఎప్పుడు రావాలన్నది కొంతవరకు సహానుభూత నరాల చేతిలో ఉంది.

కాబట్టి మీ పాఠంలో ఉన్నది తప్పు కాదు, అసంపూర్ణం. ఏది శత్రువో గుర్తించే పని కణాలదే. అందులో నరానికి పాత్ర లేదు. ఆ కణాలు ఎక్కడ ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఎంత తీవ్రంగా స్పందించాలి అన్నవాటిలోనే నరం జోక్యం చేసుకుంటుంది. సంతలో బేరం చేసేది కొనేవాడూ అమ్మేవాడూ అయినా, సంత ఏ రోజు ఎక్కడ కూడాలో వేరొకరు నిర్ణయించినట్టే ఇది.

తీవ్రతను తగ్గించే విషయంలో 2000లో అమెరికా శాస్త్రవేత్త కెవిన్ ట్రేసీ బృందం చేసిన ప్రయోగాన్ని తప్పక తెలుసుకోవాలి. సూక్ష్మజీవుల విషం ఎక్కించిన ఎలుకల్లో, మెదడు నుంచి మెడ మీదుగా ఛాతీ, కడుపులకు దిగే వేగస్ నాడిని మెడ దగ్గర విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు, వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే పదార్థం తగ్గి, రక్తపోటు పడిపోవడం ఆగింది. అందులో చిక్కు ఒకటి ఉంది: నార్ అడ్రినలిన్ వెలువరించే ప్లీహపు నరం వేగస్‌కు చెందినది కాదు. వేగస్ సందేశం ఆ నరానికి ఏ దారిన చేరుతుందన్న వాదం నేటికీ ముగియలేదు. ప్లీహం లోపలి కథ మాత్రం 2011లో చాలావరకు తేలింది. నరపు కొన విడిచిన నార్ అడ్రినలిన్ ఒక రకం టి-కణాలను తాకుతుంది. ఆ టి-కణాలు నరాలు వాడే రసాయనమే అయిన అసిటైల్‌కోలిన్‌ను తయారుచేస్తాయి. అది సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాలను చేరి టీఎన్‌ఎఫ్ ఉత్పత్తిని అణచుతుంది. ఈ గొలుసులో ఒక రోగనిరోధక కణమే నరం చేయవలసిన పని చేస్తోందన్నది నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే విషయం. ఈ జ్ఞానం ఆధారంగా రూపొందిన, మెడలో అమర్చే చిన్న పరికరానికి రుమటాయిడ్ కీళ్లవాతంలో వాడేందుకు 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది.

సందేశాలు వెనక్కి కూడా వెళ్తాయి. జ్వరం వచ్చినప్పుడు అన్నం సయించకపోవడం, ఒళ్లు బరువెక్కి పడుకోవాలనిపించడం రోగనిరోధక కణాలు వెలువరించిన పదార్థాల వార్త రక్తం ద్వారానూ, వేగస్ వంటి నరాల ద్వారానూ మెదడును చేరడం వల్లనే. రేపు వార్డులో రోగి ‘ఏమీ తినాలని లేదు’ అన్నప్పుడు దానిని కూడా ఒక లక్షణంగా నమోదు చేయండి.

ప్రశ్న: పచ్చిమిరపకాయ నంజుకుని చద్దన్నం తింటే ప్లీహంలోని నరాలు మేల్కొని రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: దీని వెనుక నిజమైన పరిశోధన ఒకటి ఉంది. నొప్పిని పసిగట్టే నరాలు కూడా ప్లీహంలోకి వెళ్తాయనీ, అవి విడిచే ఒక పదార్థం ప్రతిరక్షకాలను తయారుచేసే బి-కణాలకు ఊతమిస్తుందనీ, మిరపలో ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్‌ను ఆహారంలో ఇచ్చినప్పుడు ఆ స్పందన బలపడిందనీ 2024లో తేలింది. అయితే ఇదంతా ఎలుకల్లో జరిగింది. దీనిని బట్టి మనిషికి రోజుకు ఇన్ని మిరపకాయలని చెప్పడానికి వీలులేదు. ఇష్టమైతే నంజుకోండి, కడుపులో పుండు, మంట ఉన్నవారు మాత్రం ఈ ఆశతో కారం పెంచవద్దు.

ప్రశ్న: మా మరిదికి మలేరియా పదేపదే వచ్చి కడుపులో బల్ల పెరిగింది. నరాల బలానికి సూదిమందు వేయిస్తే బల్ల కరుగుతుందని ఒకరు, కడుపు మీద వాతలు పెట్టిస్తే తగ్గుతుందని మరొకరు చెబుతున్నారు. ప్లీహానికి నరాలతో సంబంధం ఉందని చదువుకున్నవాళ్లు కూడా అంటున్నారు కదా, ఏది చేయించమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం: అమ్మా, ఆ రెండింటిలో ఏదీ చేయించకండి. బల్ల అంటే పెరిగిన ప్లీహమే. ప్లీహానికి నరాలతో సంబంధం ఉన్న మాట నిజమే కాని, మీ మరిదికి బల్ల పెరగడానికి కారణం నరాల నీరసం కాదు. మలేరియా పరాన్నజీవి సోకిన ఎర్రకణాలను రక్తం నుంచి వడకట్టేది ప్లీహం. జ్వరం మళ్లీ మళ్లీ వస్తే ఆ పని ఎడతెగకుండా సాగి, మామూలుగా 150 గ్రాముల దాకా ఉండే ప్లీహం కిలోకు మించి కూడా పెరగవచ్చు. దీనిని తగ్గించేది మలేరియాకు సరైన, పూర్తి చికిత్స మాత్రమే. నరాల సూదిమందులుగా సాధారణంగా వేసేవి బి-విటమిన్లు. అవి పరాన్నజీవిని తాకవు. వాతల వల్ల చర్మం కాలి పుండు పడుతుంది, చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది, అసలు చికిత్సకు ఆలస్యం కూడా అవుతుంది.

జ్వరం వచ్చిన రోజే మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయించండి. అది వైవాక్స్ అనే మలేరియా రకమైతే పరాన్నజీవి కాలేయంలో దాగి ఉండి మళ్లీ బయటపడుతుంది కాబట్టి, ప్రిమాక్విన్ మాత్రలు 14 రోజులు వేసుకోవాలి; జ్వరం తగ్గిందని నాలుగో రోజే మానేయడం మన జిల్లాల్లో తరచుగా జరిగే పొరపాటు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఆ మందు రక్తకణాలను చిట్లగొట్టవచ్చు కనుక, దానిని వైద్యుని సలహాతోనే వాడాలి. మన ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. అది కూడా చిన్న వయసులో ప్లీహాన్ని పెంచుతుంది కాబట్టి, ఆ పరీక్ష ఇంతవరకు చేయించి ఉండకపోతే ఒకసారి చేయించండి.

పెరిగిన ప్లీహం పక్కటెముకల కిందికి దిగి దెబ్బకు అందుతుంది. కాబట్టి బల్ల తగ్గేదాకా కడుపు మర్దనా చేయించవద్దు, చెట్లెక్కడం, బరువులు మోయడం వంటివి మీ మరిదిని మానుకోమనండి. ఎడమవైపు కడుపులో హఠాత్తుగా నొప్పి, ఎడమ భుజానికి పాకే నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం వంటివి కనిపిస్తే ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోందేమోనని అనుమానించి, రాత్రయినా సరే 108కి ఫోను చేసి శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేర్చండి.