గేటు దగ్గర కుండ పెట్టాలనుకుంటున్న మా అమ్మాయికి

అమ్మలూ,

"నేనొక్కదాన్నే గేటు దగ్గర నీళ్లకుండ పెడితే ఏం ఒరుగుతుంది బాబాయ్" అని నిన్న అడిగావు కదా, ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

మన మాచర్ల వైపు ఎండల సంగతి నీకు చెప్పక్కర్లేదు, వేసవి వస్తే చాలు రెంటచింతల పేరు పేపర్లో పడుతుంది. ఆ రోడ్ల మీదే కండక్టర్‌గా ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ని, రిటైరైన ఏడాదే ఇంటిముందు వేపచెట్టు కింద కుండ పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, మీ తాతయ్య పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రేకు బోర్డు మీద రాయించి చెట్టుకి కొట్టించాను. రెండు వేసవులు జనం తాగారు, వెళ్లారు, ఒక్కడూ చెంబెడు నీళ్లు తెచ్చి పోసిన పాపాన పోలేదు. నాకు లోపల కోపం కూడా వచ్చేది, అబద్ధమెందుకు. మూడో ఏడు గాలివానకి ఆ బోర్డు ఊడి కాలవలో పడింది, బద్ధకించి మళ్లీ పెట్టలేదు. ఆ నెలలోనే ఎదురుగా సైకిల్ షాపతను బిందె మోసుకొచ్చి కుండ నింపుతుంటే చూశాను. అడిగితే "మీదా? ఊరిదనుకున్నా" అన్నాడు! బోర్డు ఉన్నన్నాళ్లూ అది మా ఇంటి కుండ, అందులో చెయ్యి పెట్టడానికి మొహమాటపడ్డారు, అంతే. తర్వాత పెళ్లికెళ్లి మూడు రోజులు ఊళ్లో లేను, వచ్చి చూస్తే కుండ నిండుగా ఉంది, చుట్టిన గోనెపట్టా తడిగా ఉంది, మూత మాత్రం మాది కాదు. ఎవరిదో నేను అడగలేదు.

ఇక పని సంగతి. కొత్త కుండని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మొదటి రోజు నీళ్లు పారబోయి, లేకపోతే మట్టివాసన వేస్తుంది. సబ్బు పెట్టకు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది, కొబ్బరిపీచుతో తోమితే చాలు. అందంగా ఉంటుందని రంగులేసిన కుండ కొంటావేమో, వద్దు. సన్నని రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆరిపోతుంటేనే లోపల చల్లబడేది, రంగు ఆ రంధ్రాల్ని మూసేస్తుంది. కుండ కింద ఇసుక పోసి తడుపుతుండు. నీళ్లు రోజూ పొద్దున్నే మార్చు, మూత లేకుండా వదిలితే దోమలు గుడ్లు పెడతాయి. పొడుగు కాడ గరిటె తప్పనిసరి, చేతులు ముంచనివ్వకూడదు. మొదటి వారం గ్లాసు పోతుంది, పోనీ, ఇంకోటి పెట్టు.

డెలివరీ కుర్రాడో, చెత్తబండి ఆవిడో కళ్లు తిరిగి కూర్చుంటే నీడకి తీసుకెళ్లి తడిగుడ్డతో తుడువు. స్పృహలో ఉంటే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతోనే సుమా, కలిపి కొద్దికొద్దిగా తాగించు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకు, 108కి చెయ్యి.

మీ పిన్నితో ఈ మాటంటే "మనమేమన్నా డొక్కా సీతమ్మగారమా" అంటుంది. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ వండిపెట్టిన తల్లి, 1909లో పోయింది, ఇవాళ్టికీ అక్కడి అక్విడక్టుకి, అదే నది మీదుగా కాలవని దాటించే వంతెనకి, ఆవిడ పేరే. అంత మనకెందుకు, ఆవిడైనా గడపలోకొచ్చిన మనిషికే కదా ముందు విస్తరి వేసింది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టకు. "మీరూ పెట్టండి" అని ఎవర్నీ అడక్కు, అడిగితే చందా వసూలనుకుని తప్పుకుంటారు. కుండ పక్కన నిలబడి ఎవరు తాగుతున్నారో చూడకు కూడా, తాగేవాళ్లకి ఇబ్బంది. నువ్వు పెట్టిన నెలకి పై అంతస్తు వాళ్ల పిట్టగోడ మీద పిచ్చుకలకి మూకుడు కనపడితే, అది నీ వల్లేనా అని ఆరా తీయకు.

నీడ ఎక్కడుంటుందో మీ వాచ్‌మన్‌ని అడిగి చూసుకో, పొద్దున పదింటికి కాదు, మధ్యాహ్నం మూడింటికి.

మీ బాబాయ్