విటమిన్ డి, జింక్ తగ్గితే వైరస్‌లు ముదురుతాయా? జన్యువులు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న: నా వయసు 47. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 92 కిలోలు. షుగర్, బీపీ లేవు. ఎనిమిది నెలల కిందట ఫ్లూ వచ్చి న్యుమోనియాగా మారడంతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. చేరిన మర్నాడు చేసిన రక్తపరీక్షల్లో విటమిన్ డి 17, జింక్ 58, ఫెరిటిన్ 480 వచ్చాయి. పోషకాలు తగ్గడం వల్లే అంత ముదిరిందని తెలిసినవాళ్లు అన్నారు. అప్పట్నుంచీ రోజూ జింక్ 50 మి.గ్రా. మాత్ర, వారానికోసారి విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్ వేసుకుంటున్నాను. సూక్ష్మపోషకాలకూ వైరస్‌లకూ సంబంధం ఉందని జన్యు పరిశోధనల్లో తేలిందని ఈమధ్య చదివాను. నిజమేనా? నేను జన్యుపరీక్ష చేయించుకోవాలా? ఈ మాత్రలు ఎన్నాళ్లు వాడాలి?

జవాబు: ముందు మాత్రల సంగతి. జింక్ ఈరోజే ఆపేయండి. విటమిన్ డి క్యాప్సూల్ కూడా రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా వేసుకోకండి. రెండూ మీ అవసరానికి మించి పోయి ఉంటాయి. ఎందుకో చెబుతాను.

మీ రిపోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఆ అంకెలు కావు, రక్తం తీసిన రోజు. ఒంట్లో ఇన్ఫెక్షన్ రేగినప్పుడు కాలేయం రక్తంలోని జింక్‌ను తనలోకి లాక్కుంటుంది. హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్‌ను కణాల్లోనే బిగించేస్తుంది, దాంతో రక్తంలో ఐరన్ పడిపోయి, ఐరన్‌ను నిల్వచేసే ఫెరిటిన్ అనే ప్రొటీన్ ఎగబాకుతుంది. క్రిములకు ఈ ఖనిజాలు అందకుండా శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. కాబట్టి జింక్ 58కి, ఫెరిటిన్ 480కి మీ న్యుమోనియానే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. విటమిన్ డి కూడా ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో రేగే తీవ్రమైన వాపు (ఇన్‌ఫ్లమేషన్) సమయంలో కొంత తగ్గుతుంది. పైగా అది కొవ్వులో కరిగే విటమిన్. బరువు ఎక్కువున్నవారిలో మామూలు రోజుల్లోనే తక్కువగా కనబడుతుంది.

కోవిడ్ కాలంలో అందరూ పడ్డ చిక్కు ఇదే. ఆసుపత్రిలో చేరినవారిలో విటమిన్ డి తక్కువగా కనబడింది. అది తక్కువైనందువల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరినందువల్ల అది తగ్గిందా, లేక వయసు, బరువు, ఎండ తగలకపోవడం లాంటివి రెంటికీ కారణమయ్యాయా? మామూలు గణాంకాలతో ఈ పీటముడి విడదు.

దాన్ని విప్పడానికి వాడే పద్ధతి పేరు మెండీలియన్ రాండమైజేషన్. తల్లిదండ్రుల నుంచి మనకు ఏ జన్యు రూపం వస్తుందన్నది గర్భంలో పడ్డప్పుడే లాటరీలా తేలిపోతుంది. ఆ తర్వాత వచ్చే జ్వరంగానీ, పెరిగే బరువుగానీ దాన్ని మార్చలేవు. ఉదాహరణకు జీసీ, సీవైపీ2ఆర్1 అనే జన్యువుల్లోని కొన్ని మార్పుల వల్ల కొందరికి విటమిన్ డి పుట్టినప్పటి నుంచీ కాస్త తక్కువగా ఉంటుంది. విటమిన్ డి నిజంగానే వైరస్ నుంచి కాపాడేదైతే, ఈ రూపాలున్నవారు ఎక్కువగా జబ్బుపడాలి. 2021లో 11 దేశాల నుంచి 14 వేల మందికి పైగా కోవిడ్ సోకినవారిని, 12 లక్షల మందికి పైగా సోకనివారిని ఇలా పోల్చి చూశారు. వైరస్ సోకడంలోగానీ, ఆసుపత్రిలో చేరడంలోగానీ, తీవ్రతలోగానీ విటమిన్ డి కాపాడుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఇదే పద్ధతిలో శరీర బరువును పరిశీలిస్తే మాత్రం, జన్యుపరంగా బరువు పెరిగే తత్వమున్నవారికి కోవిడ్ ముదిరే ముప్పు స్పష్టంగా ఎక్కువని తేలింది. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె, 33 దగ్గర ఉంది. మీ విషయంలో నేను పట్టించుకునే అంకె అది, 17 కాదు.

జింక్, రాగి, సెలీనియంల మీద జన్యు అధ్యయనాలు వచ్చాయి కానీ వాటిని ఆచితూచి చదవాలి. జింక్ స్థాయిని మార్చే జన్యు మార్పులుగా వాడుతున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. అంత బక్క ఆధారం మీద తేలిన ‘సంబంధం’ మరో అధ్యయనంలో మాయమైనా ఆశ్చర్యం లేదు.

ఈ పద్ధతి ఎక్కడ బోల్తా పడుతుందో చెప్పడానికి ఎఫ్‌యూటీ2 జన్యువును మించిన ఉదాహరణ లేదు. ఇది పనిచేయనివారి రక్తంలో బి12 కాస్త ఎక్కువగా ఉంటుంది. వీరికి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ రకాలు చాలావరకు సోకవు. రెంటినీ జతచేసి చూస్తే బి12 వేసుకుంటే నోరోవైరస్ రాదని అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. పేగు గోడ కణాల మీద ఈ వైరస్ పట్టుకుని వేలాడే చక్కెర గొలుసులను తయారుచేసేది ఈ జన్యువే. అది పనిచేయకపోతే వైరస్‌కు పట్టు దొరకదు, అంతే. బి12కీ ఆ రక్షణకూ ఏ సంబంధమూ లేదు. ఫలానా పోషకం వైరస్‌ను ఆపుతుందని జన్యువులు నిరూపించాయని ఎక్కడైనా చదివితే, ఆ జన్యువు ఇంకేం పని చేస్తుందని అడగాలి.

ఇంకో పరిమితి ఉంది. జన్యువులు తెచ్చే తేడా చిన్నది. మామూలు స్థాయిలో ఉన్నవారికి ఇంకాస్త పెంచితే లాభమా అన్నదానికి ఈ పద్ధతి జవాబివ్వగలదు. పూర్తిగా అడుగంటిన లోపం గురించి పెద్దగా చెప్పలేదు. పైన చెప్పిన విటమిన్ డి జన్యు సమాచారం కూడా ఐరోపా మూలాలవారిది. తీవ్రమైన లోపం ప్రమాదమన్నది వేరే దారిలో రుజువైంది. తట్టు సోకిన పిల్లలకు విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నిండినవారికి 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలలవారికి లక్ష, అంతకన్నా చిన్నవారికి 50 వేలు, వరుసగా రెండు రోజులు, వైద్యుల పర్యవేక్షణలో. ఇది కంటిచూపును, ప్రాణాన్ని కాపాడుతుంది.

నేరుగా మాత్రలిచ్చి చూసిన పరీక్షలూ జన్యువుల మాటనే బలపరిచాయి. బ్రిటన్‌లో 6,200 మందితో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. విటమిన్ డి తక్కువున్నవారికి ఆరు నెలలపాటు రోజూ 800 లేదా 3,200 యూనిట్లు ఇచ్చినా శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. 2021లో 214 మంది కోవిడ్ బాధితులతో చేసిన పరీక్షలో రోజుకు 50 మి.గ్రా. జింక్ గ్లూకోనేట్ పది రోజులు ఇచ్చినా లక్షణాలు త్వరగా తగ్గలేదు. 

ఇక మీరు చేయాల్సినవి. ముందు జింక్ డబ్బా మీద చూడండి. ‘ఎలిమెంటల్ జింక్ 50 మి.గ్రా.’ అని ఉంటే అది పెద్దల గరిష్ఠ పరిమితి అయిన 40ని దాటింది. జింక్ గ్లూకోనేట్ 50 మి.గ్రా. అని మాత్రమే ఉంటే అందులో అసలు జింక్ 7 మి.గ్రా. చిల్లరే, కంగారు లేదు. నెలల తరబడి జింక్ ఎక్కువైతే పేగు కణాల్లో మెటాలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరిగి, తిండిలోని రాగిని పట్టేసుకుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి మలంతో పాటు బయటికి పోతుంది. రాగి తగ్గితే ఐరన్‌కు లొంగని రక్తహీనత వస్తుంది. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు తగ్గుతాయి. పాదాలు మొద్దుబారి, చీకట్లో నడక తూలుతుంది. ఈ నరాల నష్టం ఆలస్యమైతే పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. అందుకని సీబీసీ (రక్తకణాల లెక్క), సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్) చేయించండి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు వద్దు. ఆ సమయంలో చివరి రెండూ పెరిగి, లోపాన్ని దాచేస్తాయి.

విటమిన్ డి 60,000 యూనిట్లు సాధారణంగా 8 వారాల కోర్సు. మీరు నాలుగింతలు వాడారు. 25-హైడ్రాక్సీ విటమిన్ డి (రక్తంలో విటమిన్ డి స్థాయి), కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, అయోమయం ఉంటే ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాల్షియం పెరిగినప్పుడు కనిపించేవి ఇవే. కాల్షియం మామూలుగా ఉండి, విటమిన్ డి 20 దాటితే ఎముకలకు అది చాలు. ఫెరిటిన్‌ను ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్‌తో (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే పరీక్ష) కలిపి మరోసారి చూడాలి. శాచురేషన్ 45 శాతం దాటితేనే ఐరన్ పేరుకుందేమోనని వెతకాలి.

జన్యుపరీక్ష వద్దు. లక్షల మందిని కలిపి చూస్తేనే కనిపించే ఈ చిన్న తేడాలు ఒక్క మనిషికి ముప్పు ఎంతో చెప్పలేవు. దాని బదులు ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి, న్యుమోకోకల్ టీకా గురించి మీ డాక్టర్‌ను అడగండి, బరువు మొదట 5 నుంచి 7 కిలోలు తగ్గించండి. ఈసారి ఫ్లూ లక్షణాలు మొదలైతే 48 గంటల్లోపే డాక్టర్‌ను కలవండి. ఒసెల్టామివిర్ లాంటి ఫ్లూ వైరస్ మందు బాగా పనిచేసేది అప్పుడే. ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోండి.