పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హ్యామక్‌లో పడుకునేవారికి తేలికపాటి డౌన్ క్విల్ట్

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏటా చలికాలంలో మిత్రులం కలిసి మారేడుమిల్లికో లంబసింగికో వెళ్లి, అనుమతి ఉన్న చోట చెట్లకు హ్యామక్‌లు (గుడ్డ ఉయ్యాలలు) కట్టుకుని రాత్రి అక్కడే పడుకుంటాం. ఇంతకాలం ఇంట్లోని ఉన్ని రగ్గులే మోసుకెళ్లాం. మోయడానికి బరువు, పైగా తెల్లవారుజామున చలి ఆగడం లేదు. అందుకని బాతు నూగు (డౌన్, అంటే పై ఈకల కింద ఉండే మెత్తని భాగం) నింపిన తేలికైన టాప్ క్విల్ట్ (పైన కప్పుకునే బొంత) కొనాలనుకుంటున్నాను. 20 డిగ్రీలది తీసుకోవాలా, 40 డిగ్రీలదా? 850 ఫిల్ పవర్, 950 ఫిల్ పవర్ అని రెండు రకాలు కనిపిస్తున్నాయి, వాటి ధరల్లో చాలా తేడా ఉంది. అసలు మన తేమ వాతావరణంలో డౌన్ నిలుస్తుందా? – ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీరు రాసిన 20, 40 అనే అంకెలు మనం వాడే సెల్సియస్ డిగ్రీలు కావని ముందుగా గమనించగలరు. ఇలాంటి క్విల్ట్‌లు తయారుచేసే చిన్న కంపెనీలు చాలావరకు అమెరికాలో ఉన్నందువల్ల, అవి ఫారెన్‌హీట్ లెక్కలోనే గుర్తు వేస్తాయి. ఆ లెక్కలో 20 అంటే మన సున్నాకు దాదాపు ఏడు డిగ్రీలు దిగువ, 30 అంటే సున్నాకు ఒక డిగ్రీ దిగువ, 40 అంటే మన నాలుగు డిగ్రీలు. జనవరి రాత్రుల్లో సైతం పాదరసం 20 సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండే కోనసీమలో కూర్చుని ఆ చీటీ చదివితే, 20 డిగ్రీల క్విల్ట్ మనకు అతికినట్టు సరిపోతుందనిపించడం సహజం. కాని దాన్ని కప్పుకుంటే మారేడుమిల్లిలో అర్ధరాత్రికే చెమటలు పడతాయి.

ఇక మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచినది, రగ్గు కప్పుకున్నా తెల్లవారుజామున చలి ఆగడం లేదన్న మాట. ఆ చలి పైనుంచి వస్తోందా, వీపు కిందనుంచి వస్తోందా అన్నది తేల్చుకోకుండా క్విల్ట్ కొనవద్దని నా మనవి. హ్యామక్‌లో పడుకున్నప్పుడు మన కింద నేల ఉండదు, పలుచని నైలాన్ గుడ్డ మాత్రమే ఉంటుంది, దాని అడుగున గాలి రాత్రంతా ఆడుతూనే ఉంటుంది. అందువల్ల 20 సెల్సియస్ ఉన్న రాత్రి కూడా, పైన ఎంత మందంగా కప్పుకున్నా, నడుమూ భుజాలూ చల్లబడి మెలకువ వస్తుంది. రగ్గును ఒంటి కిందకు మడిచి వేసుకున్నా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే వెచ్చదనాన్ని నిలిపేది గుడ్డ కాదు, దానిలో చిక్కుకున్న గాలి, ఆ గాలి మన బరువుకు బయటకు పోతుంది. టాప్ క్విల్ట్‌కు వెనుక భాగం లేకుండా కుట్టడంలోని కారణం కూడా ఇదే: ఒంటి కింద నలిగిపోయే నూగుకు డబ్బు పోసి, దాన్ని భుజాన మోయడం ఎందుకన్న ఆలోచనతో ఆ భాగాన్ని పూర్తిగా తీసివేశారు. కాబట్టి వీపు సంగతి వేరే చూసుకోవలసిందే. హ్యామక్ బయట, అడుగున వేలాడదీసే అండర్ క్విల్ట్ అందుకు మేలైనది, అది మన బరువుకు నలగదు. అంత ఖర్చు వద్దనుకుంటే మందపాటి ఫోమ్ చాపను హ్యామక్‌లో పరచుకోవచ్చు. రెండు పొరల హ్యామక్ అయితే చాపను ఆ పొరల మధ్యకు దూర్చాలి, లేకపోతే నిద్రలో పక్కకు జారుతుంది. మీ దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోయేటట్లయితే, ఈ ఏడు అడుగు భాగానికే ఖర్చుపెట్టి, పైన ఆ రగ్గులతోనే గడపండి. క్విల్ట్ వచ్చే ఏడు కొనవచ్చు.

అడుగు భాగం సరిచేసుకున్న తరువాత, మీకు 20దీ 40దీ కాక, మధ్యలోని 30 డిగ్రీల క్విల్ట్ తగినదని నా అభిప్రాయం. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరకు కూడా చేరతాయి. మారేడుమిల్లి అంత చల్లన కాదు. అయితే కంపెనీ వేసే అంకె సాధారణంగా ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగల హద్దును చెబుతుందే తప్ప, హాయిగా నిద్రపట్టే హద్దును చెప్పదు. హాయి కావాలంటే దానికి ఐదారు సెల్సియస్ డిగ్రీలు కలుపుకోవాలి. స్లీపింగ్ బ్యాగులకైతే ఐఎస్‌ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం హాయి హద్దు, కనీస హద్దు అని రెండు అంకెలు విడివిడిగా ఇస్తారు, క్విల్ట్‌లకు చాలావరకు కంపెనీ సొంత అంచనాయే ఆధారం. ఈ లెక్కన 40 డిగ్రీలది లంబసింగిలో చాలదు. 30 డిగ్రీలది ఉన్ని టోపీ, మేజోళ్లతో కలిపి అక్కడ సరిపోతుంది, మారేడుమిల్లిలో నడుము దాకా తీసివేసి పడుకుంటే ఉక్కపోయదు. మంచి నూగుతో చేసినది అయిదారు వందల గ్రాముల బరువు ఉంటుంది.

ఫిల్ పవర్ అన్నది వెచ్చదనానికి కొలత కాదు, నూగు ఎంత విచ్చుకుంటుందో చెప్పే కొలత. ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటును నింపుతుందో ఆ సంఖ్య తెలుపుతుంది. 850 అంటే ఆ కొద్దిపాటి నూగే సుమారు 14 లీటర్ల చోటును నింపుతుందన్న మాట. ఒకే డిగ్రీకి తయారైన రెండు క్విల్ట్‌లలో 950 రకానిది కాస్త తేలికగా ఉంటుంది, అంతకుమించి వెచ్చగా ఉండదు. మీ స్థాయి క్విల్ట్‌లో ఆ తేడా కొన్ని పదుల గ్రాములు మాత్రమే. పైగా బాగా విచ్చుకునే నూగు చెమటకూ తేమకూ త్వరగా వాడిపోతుంది కాబట్టి, డెల్టాలో ఉండేవారు 950కి అదనంగా డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. 800 లేదా 850 తీసుకుని, మిగిలిన సొమ్ముతో ఫోమ్ చాప కొనుక్కోండి.

కుట్టు విషయంలో మాత్రం రాజీపడవద్దు. పై గుడ్డనూ లోపలి గుడ్డనూ నేరుగా కలిపి కుట్టినవి చవక, కాని కుట్టు పడ్డ ప్రతి గీత వెంబడీ నూగు ఉండదు, అక్కడినుంచి చలి దూరుతుంది. 40, 50 డిగ్రీల వాటికి అది చెల్లుతుంది, 30 డిగ్రీల దానికి రెండు గుడ్డల మధ్య పలుచని అడ్డుగోడలు కుట్టి గదులు చేసినదే కావాలి. చేతికి వచ్చాక దాన్ని ఒక గంటసేపు విప్పి ఉంచి, విదిలించి, పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. ప్రతి గదిలోనూ నీడ సమానంగా పరచుకోవాలి. ఒకచోట వెలుగు నేరుగా కనబడి, మరొకచోట చింతగింజంత ముద్దలు నల్లగా కనబడితే నూగు సమంగా నింపలేదని అర్థం. వేలితో ఆ ముద్దను నలిపినప్పుడు ఈనె గుచ్చుకుంటే, అందులో నూగుకు బదులు ఈకలు ఎక్కువ కలిపారని గ్రహించి వెనక్కి పంపేయండి.

వెడల్పు 50 అంగుళాలు చాలు. నేలమీద పడుకునేవారికి అంతకంటే ఎక్కువ కావాలి గాని, హ్యామక్ అంచులు మనల్ని రెండు వైపులా చుట్టుకుని ఉంటాయి కాబట్టి మనకు అక్కరలేదు. పొడవు మీ ఎత్తుకు 10, 15 సెంటీమీటర్లు మించి ఉండాలి. కాళ్ల వైపు సంచిలా శాశ్వతంగా కుట్టినదాని కంటే, బొందుతో ముడుచుకుని అవసరమైతే పూర్తిగా విప్పగలిగేది మీకు అనుకూలం, అది మామూలు దుప్పటిలా కూడా పనికొస్తుంది. మరొక్క మాట: ఈ క్విల్ట్‌ల గుడ్డ 10 లేదా 20 డెనియర్ల (దారం సన్నదనాన్ని చెప్పే కొలత) పలుచని నైలాన్, నిప్పురవ్వ తగిలితే క్షణంలో చిల్లి పడి నూగు ఎగిరిపోతుంది. మారేడుమిల్లిలో బొంగు చికెన్ కాలుతున్న నిప్పు దగ్గర కూర్చునేటప్పుడు ఆ పాత రగ్గే భుజాన వేసుకోండి.

తేమ గురించి మీ భయం న్యాయమైనదే. తడిసిన నూగు ముద్దకట్టి వెచ్చదనాన్ని చాలావరకు కోల్పోతుంది. నీటిని తట్టుకునే పూత పూసిన నూగు దొరుకుతుంది గాని, ఆ పూత తడవడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. మీరు వెళ్లేది ఒకటి రెండు రాత్రులకు, వానలు వెనకబట్టిన కాలంలో కాబట్టి, పైన టార్పాలిన్ కట్టుకుని మంచు పడకుండా చూసుకుంటే డౌన్ నిక్షేపంగా పనిచేస్తుంది. వానాకాలంలో కూడా వెళ్లే ఉద్దేశం ఉంటే, బరువు పెరిగినా సింథటిక్ నింపినదే తీసుకోవాలి.

ప్రశ్న: డౌన్ క్విల్ట్ కొని ఏడాది అయింది. వానాకాలం తరువాత తీసి చూస్తే చప్పిడిగా అణగిపోయి, తడి ఈకల వాసన వేస్తోంది. బాగుపడుతుందా? – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చాలావరకు బాగుపడుతుందమ్మా. దాన్ని వచ్చినప్పటి చిన్న సంచిలోనే కుక్కి ఉంచారని నా ఊహ. కొబ్బరితోటల నడుమ, కాలువగట్టున ఉండే మన ఇళ్లలో శ్రావణ భాద్రపదాల్లో గోడలే చెమరుస్తాయి, నలిగి ఉన్న నూగు ఆ తేమను పీల్చుకుని విచ్చుకోలేకపోతుంది. ఎండ తేరిన రోజున నీడపట్టున గాలి ఆడే చోట దండెం మీద పరచి, గంటకొకసారి తిరగేస్తూ రెండు రోజులు ఆరనివ్వండి. నేరుగా ఎండలో రోజుల తరబడి వేస్తే నైలాన్ బలం తగ్గుతుంది. వాసన అప్పటికీ పోకపోతే ఉతకాలి, కాని మామూలు డిటర్జెంట్ నూగులోని సహజమైన నూనెను లాగేస్తుంది కాబట్టి డౌన్ కోసం చేసిన సబ్బే వాడండి. తడిసినప్పుడు ఒక కొన పట్టుకుని ఎత్తితే నీటి బరువుకు లోపలి అడ్డుగోడలు చిరుగుతాయి, రెండు చేతులూ కిందకు పెట్టి ఎత్తాలి. ఆరబెట్టే యంత్రం అందుబాటులో ఉంటే తక్కువ వేడిలో రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే ముద్దలు విడిపోతాయి. లేకపోతే ఫ్యాన్ కింద పరచి, ముద్దలను చేత్తో ఓపికగా విడదీస్తూ లోపలిదాకా ఆరనివ్వాలి. ఈ పనికి మాఘ ఫాల్గుణాలు అనువైనవి. ఆ తరువాత పెద్ద నూలు సంచిలో వదులుగా వేసి, బీరువా పై అరలో ఉంచండి. కలరా ఉండలు వేయవద్దు, ఆ వాసన పట్టుకుంటే వదలదు.

ప్రశ్న: మా ఆకివీడు వైపు కోసిన చేలల్లో బాతుల మందలు మేపుతారు. ఆ బాతుల నూగు సేకరించి ఇక్కడే క్విల్ట్ కుట్టించుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: ఆలోచన మెచ్చదగినదే గాని, ఇంట్లో సాధ్యం కాదు. నూగు అనేది బాతు పొట్టమీద, రొమ్ముమీద పై ఈకల కింద ఉండే ఈనె లేని మెత్తని భాగం, ఒక్కో పక్షికి అది దొరికేది చాలా కొద్ది. వేడి ప్రాంతపు బాతులకు అది పెద్దగా విచ్చుకోదు కూడా. ఒక క్విల్ట్‌కు కొన్ని వందల గ్రాములు కావాలి, దాన్ని ఈకలనుంచి వేరుచేసి, కడిగి, క్రిములు లేకుండా వేడిచేయాలి, పైగా నూగు బయటకు రాని బిగువైన గుడ్డ కావాలి. బతికున్న పక్షులనుంచి నూగు పీకడం క్రూరత్వం కాబట్టి ఎవరైనా అలా తెచ్చిస్తామంటే ఒప్పుకోవద్దు. కొనేటప్పుడు కూడా రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ గుర్తు ఉందో లేదో చూసుకోండి, ప్రాణంతో ఉన్న పక్షిని పీకడాన్ని ఆ ప్రమాణం నిషేధిస్తుంది.