చిలుము పట్టిన పాలీసిక్స్

ప్రశ్న: అన్నా, మా నాయిన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన కోర్గ్ పాలీసిక్స్ కీబోర్డు ఏళ్లుగా అటక మీదే ఉంది. ఆన్ చేస్తే లైట్లు వెలుగుతున్నయి గాని ఒక కీ నొక్కితే ఇంకోటి మోగుతోంది, ఒక్కోసారి నొక్కకుండానే మోగుతోంది. మూత తీస్తే ఒక బోర్డు మీద ఆకుపచ్చగా పూసి ఉంది. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బాగవుతుంది తమ్ముడూ. కాకపోతే ఇక ఆన్ చేసి చూడకు, ముందు ప్లగ్ తీసెయ్యి.

అది బ్యాటరీ చిలుము. 1981లో వచ్చిన ఈ సింథసైజర్ 32 ధ్వనులను గుర్తుపెట్టుకుంటుంది. అందుకోసం కేఎల్ఎమ్-367 అనే బోర్డు మీద 3.6 వోల్టుల నికెల్ క్యాడ్మియం బ్యాటరీని సోల్డర్ చేసి పెట్టారు. పాతబడితే అది కారుతుంది. ఆ క్షారం బోర్డు మీద కరెంటు పారే సన్నటి రాగి గీతలను, అంటే ట్రాకులను, తినేస్తుంది. కీలను చదివే ప్రాసెసర్ కూడా ఆ బోర్డు మీదే ఉంది, అందుకే నీ కీలు తప్పుతున్నయి.

నల్లగొండలో నా షాపుకు వచ్చిన మొదటి పాలీసిక్స్‌కు చిలుమును పైపైన బ్రష్‌తో గీకి ఇచ్చేశాను. ఆరు నెలలకు మళ్లీ వచ్చింది. చిలుము ఐసీల (చిప్పుల) కాళ్ల కిందికి కూడా పాకింది. ఆ కళాకారుడికి అప్పుడు రెండు కచేరీలు పోయినయి. అది ఇప్పటికీ నాకు బాధే.

కాబట్టి బ్యాటరీని కోసి తీసేసి, బోర్డు బయటికి తియ్యి. క్షారాన్ని విరిచేది పులుపే. వెనిగర్‌లో ముంచిన టూత్ బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడుగు. చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనియ్యి. తర్వాత మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి ఒక్కో ట్రాక్ చూడు, బీప్ రాకుంటే తెగినట్టే. తెగిన చోట సన్నటి వైరు అతికించు. చిలుము తాకిన ఐసీ సాకెట్లను మార్చడమే మేలు. ఓపిక పని, రెండు మూడు రోజులు పడుతుంది.

బ్యాటరీ స్థానంలో సీఆర్2032 బిళ్ల సెల్ హోల్డర్ పెట్టు, కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ మాత్రం మరవకు. లేకుంటే బోర్డు ఆ సెల్‌ను ఛార్జ్ చేయబోతుంది. లిథియం సెల్ పగిలే ప్రమాదం ఉంది. పవర్ సప్లైలోని పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా మార్చు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే 105 డిగ్రీల వేడిని తట్టుకునేవి అడుగు.

ఒక మాట. నాయిన క్యాసెట్ల పెట్టె ఉంటే పారెయ్యకు. అందులో పాట లేకుండా కీచుమని గరగరలాడే క్యాసెట్ దొరికితే అదే ముఖ్యం. పాలీసిక్స్ తన ధ్వనులను క్యాసెట్‌లోకి దాచుకోగలదు. బోర్డు మెమరీ పోయినా, నాయిన అప్పట్లో చేసుకున్న షహనాయి, వీణ ధ్వనులు ఆ గరగరలోనే ఉండొచ్చు. టేపును ముందుగా కంప్యూటర్‌లోకి వేవ్ ఫైల్‌గా ఎక్కించుకో. బోర్డు బాగయ్యాక అక్కడి నుంచే సింథసైజర్‌లోకి లోడ్ చెయ్యి.