రాత పరీక్ష దాటుతున్నాడు, ఇంటర్వ్యూలో ఆగిపోతున్నాడు: కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ పూర్తిచేశాడు. రాత పరీక్షలు గట్టెక్కుతున్నాడు గానీ టెక్నికల్ ఇంటర్వ్యూలో రెండుసార్లు పోయింది. అసలే మాటకారి కాదు. డేటా సైన్స్ కోర్సులో చేర్చాలా, ఇంటర్వ్యూలకే వెళ్లమనాలా?

జవాబు: అమ్మా, టెక్నికల్ రౌండ్ దాకా వెళ్తున్నాడంటే చదువుకేం లోటు లేదు. రెండుసార్లు తప్పడం లెక్కలోకే రాదు. కోర్సు సంగతి అడిగారు గానీ, తోటివాళ్లంతా స్థిరపడి వీడొక్కడే మిగిలిపోతాడేమోనన్నది మీ బెంగ.

ఆ బెంగతో డేటా సైన్స్‌లో చేర్చడం నాకు నచ్చదు. కొద్ది నెలల కోర్సు చేసినవాళ్ల రెజ్యూమెల్లో తరచూ అవే ప్రాజెక్టులు: టైటానిక్ ప్రయాణికులు, 1936 నాటి 150 ఐరిస్ పూల కొలతలు. కొందరు ‘మోసపు లావాదేవీలను 98 శాతం కచ్చితత్వంతో పట్టాను’ అని రాస్తారు. నూటికి రెండే మోసాలున్న డేటాలో, అన్నిటినీ ‘మోసం కాదు’ అనేసే ప్రోగ్రామ్‌కీ ఆ 98 శాతం వస్తుంది. ఆ మాట అడిగితే నోరు పెగలదు. స్టాటిస్టిక్స్ మీద ఇష్టంతో ఏడాదిపాటు కూర్చుని చదువుతానంటే వేరే సంగతి. అన్నాడా మరి? మీ ఉత్తరంలో అతనికేం కావాలో ఒక్క ముక్కైనా లేదు. ‘మాటకారి కాదు’ అని అతని ఎదుట కూడా అంటుంటే దయచేసి మానండి.

చాలామంది తడబడేది సొంత ప్రాజెక్టు దగ్గరే. ఎల్‌ఎం35 అనే సెన్సర్, ఆర్డుయినో యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఉష్ణోగ్రత కొలిచాడనుకుందాం. ‘30 డిగ్రీల దగ్గర ఎంత రీడింగ్ వస్తుంది?’ అంటారు. సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున 300 మిల్లీవోల్టులు ఇస్తుంది. బోర్డులో ఆ వోల్టేజీని అంకెగా మార్చే భాగం ఏడీసీ; అది కొలవగల గరిష్ఠ వోల్టేజీ రిఫరెన్స్. 5 వోల్టుల రిఫరెన్స్‌తో 10 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు, కాబట్టి రీడింగ్ 61 దగ్గర. అంటే అర డిగ్రీ కంటే సన్నగా కొలవలేం. ‘మెరుగుపరచాలంటే?’ అనడం ఖాయం. బోర్డులోనే ఉన్న 1.1 వోల్టుల రిఫరెన్స్‌కి మారిస్తే మెట్టు డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడినుంచో దించుకున్నవాడు ఇక్కడ దొరికిపోతాడు. ప్రాజెక్టులో ప్రతి భాగానికీ ‘ఇదే ఎందుకు, విలువ ఎంత, పాడైతే ఏమవుతుంది’ అని కాగితం మీద రాసుకోమనండి. తర్వాత రెండు నిమిషాల్లో, బ్లాక్ డయాగ్రమ్ గీస్తూ, పైకి చెప్పాలి.

కోడింగ్ ప్రశ్నకు మౌనంగా కూర్చోవడం చేటు. ముందు ఇన్‌పుట్ ఎంత పెద్దదో అడగాలి, ప్రతిదాన్నీ మిగతావాటితో పోల్చే రెండు లూపుల మొరటు పద్ధతైనా చెప్పాలి, ఆ తర్వాతే హ్యాష్ మ్యాప్‌తో (కావలసిన విలువను చటుక్కున వెతికిపెట్టే పట్టికతో) వేగం పెంచాలి. తెలియకపోతే ‘తెలియదు, కానీ ఇక్కడ మొదలుపెడతాను’ అనొచ్చు. హెచ్‌ఆర్ రౌండ్‌కు పెద్ద తయారీ అక్కర్లేదు.

ఇంటర్వ్యూ అయిన గంటలోపే అడిగినవన్నీ రాసుకోమనండి. జవాబు రానివాటిని మర్నాడు వెతుక్కోవచ్చు. ‘ఏమైంది?’ అన్న మీ ప్రశ్న మాత్రం ఆ పూటకు ఆపండి.