ఇంటి పన్నా, గృహపన్నా?

సందేహం: మా పంచాయతీ రశీదు మీద ‘ఇంటి పన్ను’ అని ఉంటుంది. పట్నంలో మా అబ్బాయి కట్టేది ‘ఆస్తి పన్ను’. మా అమ్మ ‘ఇంటి శిస్తు’ అనేది. ‘ఇంటి పన్ను’ పల్లెటూరి మాట, రాతలో ‘గృహపన్ను’ అనాలి అని ఒకాయన దిద్దారు. ఏది సరైనది? ఇంకోటి, నోట్లో పన్నుకు బహువచనం పళ్లు కదా, ఇక్కడ పన్నులు ఎందుకయింది?

సమాధానం: మీ రశీదు మీద ఉన్న మాటే సరైనది. కాకతీయుల నాటి పన్నుల్లోనే ‘ఇల్లరి’ ఉంది. ‘అరి’ అంటే పన్ను, కప్పం. ఇంటికి కట్టేది ఇల్లరి, పశువులు మేసే పుల్లుకు, అంటే గడ్డికి, కట్టేది పుల్లరి. 1921లో పల్నాడు రైతులు ఎదురుతిరిగింది ఆ పుల్లరి మీదే. ‘అరి’ వాడుకలోంచి జారిపోయి ఆ చోట పన్ను నిలిచింది, అంతే. ఇంత పాత మాటను పల్లెటూరిదని చిన్నచూపు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

‘గృహపన్ను’లో సంస్కృత పదానికి తెలుగు పదం అతికించారు. పాత వ్యాకర్తలు దీన్ని వైరిసమాసం అంటారు. అలాంటివి వాడుకలో చాలా ఉన్నాయి, ఉండనివ్వండి. కానీ నిక్షేపంలాంటి ‘ఇంటి పన్ను’ను కొట్టేసి దాన్ని రాయమనడం మాత్రం తప్పు.

మీ అబ్బాయి మాటా తప్పు కాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం పంచాయతీకి ఇచ్చింది ఇంటి పన్ను వేసే అధికారం. మున్సిపాలిటీలు ఖాళీ స్థలం మీద కూడా వేస్తాయి కాబట్టి అక్కడ ఆస్తి పన్ను అన్నారు. అన్నట్టు, ఆ పంచాయతీ చట్టం ఇంగ్లీషు ప్రతిలో కూడా కొలగారం, కాటారుసుం అనే మన మాటలే ఉన్నాయి. ఊళ్లో కొలిచో తూచో అమ్మే సరుకు మీద పన్నులవి. వాటికి ఇంగ్లీషు పేరు పెట్టకుండా అలాగే ఉంచారు.

శిస్తు భూమికి, తీరువా నీటికి. మీ అమ్మగారి తరంలో సర్కారుకు కట్టేదేదైనా శిస్తే అనే అలవాటు ఉండేది, అందుకే ఇంటికీ అని ఉంటారు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అనండి, అర్జీలో మాత్రం వద్దు.

ఇక బహువచనం. ఇవి రూపం కలిసిన రెండు వేరు మాటలు. నోటి పన్నుకు తమిళంలో పల్, కన్నడంలో హల్లు చుట్టాలు. అది పళ్లు అవుతుంది. కట్టే పన్నుకు ఆ చుట్టరికం లేదు. అందుకే బకాయి పడ్డప్పుడు ‘పన్నులు కట్టండి’ అంటారు గానీ ‘పళ్లు కట్టండి’ అనరు.