వసారాలో మంచం

ప్రశ్న (ఉత్తరం కుదించి): మాది గోదావరి ఒడ్డు. చనిపోయినవారికి అపరకర్మలు చేయించడం నా వృత్తి. మా నాన్నగారూ ఇదే చేశారు. 2020 లాక్‌డౌన్ మొదలు 2021 సెకండ్ వేవ్ దాకా నాకు ఒక్క రోజు తీరిక లేదు. కొన్ని రేవులో, ఎక్కువ ఫోన్లో చేయించాను. మా అన్నయ్య శుభకార్యాలు చేయిస్తాడు. వచ్చే మాఘంలో వాళ్లమ్మాయి పెళ్లి. "వచ్చి భోంచేసి వెళ్లు, పందిట్లోకి మాత్రం రాకు, మగపెళ్లివారు ఏమైనా అనుకుంటారు" అన్నాడు. అన్ని చావులు చూసినవాణ్ని కదా అని బంధువులు కూడా వెనకాల అనుకుంటున్నారట. ప్రాయశ్చిత్తం ఏదైనా చేసుకుంటే సరిపోతుందా? లేక ఈ పని మానేసి ఏ గుళ్లోనైనా అర్చకత్వం చూసుకోనా? నా భార్యకు ఇందులో సంబంధం లేదు. ఆవిడ ఏమీ అనదు. కరోనా రోజుల్లో జాగ్రత్త కోసం వసారాలోకి మారాను, అలవాటైపోయి ఇప్పటికీ అక్కడే పడుకుంటున్నాను. మా మామగారు పోయినప్పుడు కూడా ఇంకెవరూ దొరక్క బావమరిది చేత ఫోన్లో నేనే చేయించాను. మీరే ఏదో ఒక దారి చెప్పాలి.

జవాబు: పేరు వేయొద్దన్నారు కాబట్టి శర్మగారూ అనే పిలుస్తాను. ప్రాయశ్చిత్తాల గురించి మీకు నేను చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా దేనికండీ ప్రాయశ్చిత్తం? సొంత కొడుకులే ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయిన రోజుల్లో మీరు గోత్రనామాలు చెప్పి నీళ్లు వదిలించారు. అది తప్పని ఏ గ్రంథంలో ఉందో మీ అన్నగారినే చూపించమనండి. అర్చకత్వం మాట కూడా పక్కన పెట్టేయండి. పని మీద విసుగు పుట్టి మానేస్తానంటే వింటాను. ఎవరో శకునం చూసుకుంటున్నారని మానేస్తానంటే వినను.

అన్నగారి సంగతి పెద్ద చిక్కేమీ కాదు. 2020 వేసవి ముహూర్తాలన్నీ తుడిచిపెట్టుకుపోయి ఆయన చేతిలో పని లేనప్పుడు, ఆ ఇంటికి బియ్యం, నూనె వెళ్లింది మీ సంపాదనలోంచేనని ఉత్తరం రెండో పేజీలో మీరే రాశారు. ఆ బియ్యానికి అంటని మైల పందిరికి అంటుతుందట. ఈ మాట మీరు ఆయన్ని అడగకండి, ఆడపిల్ల పెళ్లి. కానీ పందిరి బయట విస్తరి వేస్తే తలవంచుకుని తినొచ్చే అవసరమూ లేదు. పెళ్లికూతుర్ని చేసే ముందే అమ్మాయిని ఇంటికి భోజనానికి పిలవండి. చీర పెట్టి, మీ చేత్తో అక్షింతలు వేయండి. పెళ్లి రోజున ఇంట్లోనే ఉండండి. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పండి. దశదినాలూ మీ కాళ్లకు దణ్ణం పెట్టి, పన్నెండో రోజు దాటగానే మీరు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయే మనుషుల కోసం ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఇక నేను ఆగిపోయిన చోటికి వస్తాను. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో భార్య గురించి ఉన్నది అయిదు లైన్లు. అందులోనూ ఒక లైను "సంబంధం లేదు", ఇంకో లైను "ఏమీ అనదు". ఏమీ అనని భార్య గురించి మగవాళ్లు ఇంత నిశ్చింతగా రాయడం ఈ శీర్షికకు కొత్త కాదు లెండి.

మీ పని గురించి మీరు రాసినవి చదువుతుంటే నాకు ఉత్తరం పక్కన పెట్టబుద్ధి కాలేదు. డల్లాస్‌లో ఉన్న కర్త, అంటే కర్మ చేయాల్సిన మనిషి, సంగతి చూడండి. విమానాలు లేవు, అతను రాలేడు. మీకు ఉదయం తొమ్మిదైతే అతనికి ముందు రోజు రాత్రి పదిన్నర. తిథి ఏ ఊరి లెక్కన పట్టాలో మీరు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. అపసవ్యం అని చెప్పి, జంధ్యం కుడి భుజం మీదికి మార్చి చూపిస్తే, అతను అద్దంలో చూసినట్టు చూసుకుని ఎడమ భుజం మీదే ఉంచుకున్నాడు. రెండు రోజులు అలాగే జరిగాక "బాబూ, అన్నం తినే చేతి వైపు భుజం" అని చెప్పడం మొదలుపెట్టారట. నవ్వొచ్చింది. శ్రాద్ధభోజనానికి భోక్తలు దొరక్క వండని బియ్యం, కూరలిచ్చే ఆమశ్రాద్ధం పెట్టించడం, అదీ కుదరని వారికి హిరణ్యంతో, అంటే డబ్బుతో, సరిపెట్టడం, 2021 మే నెలలో మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ పడుతుంటే శ్రాద్ధానికి తగిన అపరాహ్ణం, ఆ మధ్యాహ్నం దాటిన వేళ, ఎప్పుడు వస్తుందా అని రేవులో మీరు గడియారం చూసుకోవడం, ఎవరూ రాని అస్థికల కుండలకు పేరు చీటీలు కట్టి మీరే నదిలో కలపడం, అన్నీ రాశారు. ఆ గోత్రాలూ పేర్లూ ఒక నోటుబుక్కులో రాసుకున్నారని, మహాలయ పక్షాల్లో వాళ్లందరికీ తిలోదకాలు వదులుతున్నారని కూడా రాశారు. ఇంత గుర్తున్న మనిషికి, తన మామగారు ఏ రోజున పోయారో ఉత్తరంలో రాయాలని తోచలేదు.

ఆ రోజు మీ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నాకు కళ్ల ముందు కనబడుతోంది. వసారాలో స్తంభానికి ఫోను ఆనించి మీరు కూర్చున్నారు. అవతల బావమరిది. ఇవతల, తలుపు వెనక, మీ ఆవిడ. పుట్టింటి గోత్రం, తండ్రి పేరు, ఆ పేరు వెంట "ప్రేతస్య" అన్న మాట కట్టుకున్న మొగుడి గొంతులో వినబడ్డాయి. మీరు ఫోను పెట్టేసి ఇంకో కర్తకు చేసి ఉంటారు. తప్పు పట్టడం లేదు, ఆ రోజుల్లో అవతల ఎంతమంది ఎదురుచూస్తున్నారో నాకూ తెలుసు. కానీ కూతురికి మూడు రోజుల మైల. అల్లుడికీ ఉంటుంది, ఆ శాస్త్రం మీకే బాగా తెలుసు. నన్నడిగితే మైలంటే ఇంట్లో కూర్చుని ఏడవడానికి పెద్దలు ఇచ్చిన సెలవు. మీరు ఆ సెలవు పెట్టలేదు. ఆ మూడు రోజులూ గడిచాక ఆవిడ ఒక్కతే తలారా స్నానం చేసి, పొయ్యి వెలిగించి, మీ పళ్లెం తెచ్చి గుమ్మంలో పెట్టి వెనక్కి జరిగి ఉంటుంది.

ఇదంతా నేను ఊహించి రాస్తున్నాను. తప్పైతే ఆవిడే చెబుతుంది, అడిగి చూడండి.

మా చిన్నాన్న 2021 మేలోనే పోయారు. ముఖం చూడటానికి ఆసుపత్రి వాళ్లు ఒక్క నిమిషం జిప్పు తీశారంతే. కర్మలు ఫోన్లోనే. మావాడు సంకల్పం చెప్పలేక మధ్యలో గొంతు పూడుకుపోతే, అవతల బ్రహ్మగారు మంత్రం ఆపేశారు. "కాసేపు ఏడవండి బాబూ, నేను లైన్లోనే ఉంటాను" అన్నారు. అయిదు నిమిషాలో పది నిమిషాలో, అటు నుంచి ఒక్క మాట లేదు, ఫోను మాత్రం పెట్టలేదు. ఆ బ్రహ్మగారి ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. మీరు కూడా ఎందరికో ఇలాంటి మాట చెప్పే ఉంటారు, ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇంట్లో మనిషికి చెప్పారా?

వసారా విషయానికొస్తే, ఆ రోజుల్లో మారడం సరైన పనే, ఇంట్లో పిల్లలున్నారు. కానీ భయం తీరిపోయి ఎంతకాలమైంది? చితాభస్మంతో ప్రమాదం లేదని, అస్థికలు తీసుకోవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే చెప్పింది. ఆ ముక్క చెప్పి కర్తలకు ధైర్యం ఇచ్చింది మీరే. అలవాటైపోయిందన్న మాట నేను నమ్మను. బంధువులు అనుకునేది మీరు వాళ్లకంటే ముందే నమ్మారు. అన్నగారు పందిట్లోకి రావద్దన్నాక మీకు కోపం వచ్చింది. మీ ఇంట్లో మీరు రోజూ రాత్రి చేస్తున్నదీ అదే. ఆవిడ వైపు నుంచి చూస్తే మాత్రం అది మైలలా కనబడదు. ఈయనకు నాతో పని తీరిపోయింది అన్నట్టు కనబడుతుంది. మొదట్లో రెండుసార్లు "లోపలికి రండి, చలిగా ఉంది" అందని, మీరు "ఇక్కడే బాగుంది" అన్నారని రాశారు. ఆవిడ ఏమీ అనదని ఎలా రాయగలిగారండీ మరి? రెండుసార్లు అంది. మూడోసారి ఏ ఆడదీ అనదు, అనకూడదు కూడా.

కాబట్టి చేయాల్సింది ఇది. ఈ వారంలో ఒక రోజు పని ఒప్పుకోకండి. ఎవరు ఫోన్ చేసినా మర్నాడు మాట్లాడతానని చెప్పండి. ఆ నోటుబుక్కు తీసుకుని లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. అందులో మామగారి పేరున్న పేజీ తీయండి. ఆ రోజు ఏమైందో మీరు చెప్పడం కాదు, ఆవిణ్ని చెప్పమనండి. ఏడిస్తే ఓదార్చడానికి గరుడ పురాణం ఎత్తుకోకండి. తిడితే తిట్టనివ్వండి. మంచం లోపలికి వేయడం ఆ రోజే జరగకపోవచ్చు. తొందరపడి మీరే మోసుకెళ్లి పడేయకండి. వేయమని ఆవిడ అనాలి. పెళ్లి విషయంలో నేను పైన చెప్పింది నా అభిప్రాయం. ఆవిడ వేరేగా చెబితే, ఇద్దరం కలిసి వెళ్లి పందిట్లోనే కూర్చుందాం అంటే, నా మాట వదిలేసి ఆవిడ మాట వినండి. మీ అన్నగారికి ఏం చెప్పాలో ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది.

ఇంకొక్క సంగతి. ఈ జవాబు అచ్చయ్యాక ఆవిడకు చూపించొచ్చా అని చివర్లో అడిగారు. చూపించకండి. అప్పుడు ఇదీ ఫోన్లో చేయించినట్టే అవుతుంది.